48 గంటలు ఆగనక్కర్లేదు

అబిడ్స్‌లో దుకాణం ఉండి, ఆ దుకాణం పేరుతో వెబ్‌సైటో మెయిలో ఉన్న ఎవరినైనా అడిగి చూడండి. సైటును ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు మార్చినప్పుడు, ఆ పని చేసిన కుర్రాడు చెప్పిన మాట ఒక్కటే అయి ఉంటుంది: "డీఎన్‌ఎస్ మార్చేశాను సార్, 48 గంటలు పడుతుంది." ఎందుకు 48 అంటే హోస్టింగ్ కంపెనీ ప్యానెల్‌లో అలాగే రాసుందంటాడు. ఆ రెండు రోజులూ ఆర్డర్ల మెయిళ్లు ఎటు పోతున్నాయో యజమానికీ తెలియదు, కుర్రాడికీ తెలియదు. తెలుసుకునే దారి ఒకటుందని కూడా ఇద్దరికీ తెలియదు.

ఈ మాట వెనక ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయి ఉంది. డొమైన్ పేర్ల సర్వరును కమాండ్ లైన్ నుంచి నడపడం పాతకాలపు పని. ఇప్పుడన్నీ ప్యానెల్‌లో బటన్ నొక్కితే అయిపోతాయి. నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం పెద్ద కంపెనీల వాళ్లకు కావాలేమోగానీ మామూలువాళ్లకు అక్కర్లేదు. శిక్షణ ఇచ్చేవాళ్లు ఇదే చెబుతున్నారు, చిన్న ఆఫీసుల్లో ఇదే నమ్ముతున్నారు, నాంపల్లి, అబిడ్స్ సందుల్లో పదిమంది కస్టమర్ల డొమైన్లు చూసుకునేవాళ్లూ ఇదే అంటున్నారు. ఇది తప్పు. దీనికి మూల్యం చెల్లిస్తున్నది పెద్ద కంపెనీలు కాదు, ఈ సందుల్లోని చిన్నవాళ్లే.

ఒకే ఒక్క డొమైన్ ఉన్న చీరల కొట్టు యజమాని సొంత నేమ్ సర్వరు పెట్టుకోవాలని నేను అనడం లేదు. ఇతరుల పేర్లను తన చేతిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ ఆ సర్వరును కమాండ్లతో నడపడం రావాలంటున్నాను: కాలేజీలో సిస్టమ్స్ చూసేవారికీ, ఆసుపత్రి ఐటీ గదిలో కూర్చునేవారికీ, నలుగురైదుగురు వ్యాపారుల సైట్లు చూసే ఫ్రీలాన్సర్‌కూ. మిగిలిన అందరికీ కనీసం ఆ సర్వరును ప్రశ్న అడగడం రావాలి.

నాంపల్లి స్టేషన్‌కు టికెట్ మీద పేరు హైదరాబాద్ డెక్కన్. రైల్వే కంప్యూటర్‌లో హెచ్‌వైబీ. ఆటో అతనికి మాత్రం నాంపల్లి. ఏ పేరుతో అడిగినా దిగేది అదే ప్లాట్‌ఫారం మీద. డీఎన్‌ఎస్ చేసే పని ఇంతే: మనుషులు పిలిచే పేరు ఇస్తే యంత్రానికి కావలసిన చిరునామా చెప్పడం. ఇంటర్నెట్ తొలినాళ్లలో ఈ పేర్లన్నీ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒకే ఫైలులో ఉండేవి. అందరూ ఆ ఫైలును తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేసరికి ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్ల బాధ్యతను పంచే ఏర్పాటును రూపొందించాడు. 1987 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 అనే ప్రమాణ పత్రాలతో అది ఈనాటి రూపానికి వచ్చింది. ఎవరి పేరుకు వాళ్ల సర్వరే సాక్షి. మిగతావాళ్లు అవసరమైనప్పుడు వచ్చి అడిగి, జవాబును కొంతసేపు దగ్గర ఉంచుకుంటారు.

48 గంటల నమ్మకం కూలిపోయేది ఇక్కడే. మీరు రికార్డు మార్చగానే ఆ మార్పు ప్రపంచమంతా మెల్లగా పాకుతూ వెళ్లదు. ఎవరూ దాన్ని ఎవరికీ పంపరు. మీ సర్వరులో మార్పు ఆ క్షణమే అమల్లోకి వస్తుంది. బయట ఉన్న రిజాల్వర్లు, అంటే మీ తరఫున వెళ్లి అడిగే సర్వర్లు, పాత జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో కూడా చెప్పింది మీ సర్వరే. ఆ గడువే టీటీఎల్. అది సెకన్లలో రాసి ఉంటుంది. 300 అని రాస్తే అయిదు నిమిషాలు, 86400 అని రాస్తే ఒక రోజు. గడువు ముగిశాక రిజాల్వరు మళ్లీ వచ్చి అడుగుతుంది, కొత్త జవాబు తీసుకుంటుంది.

మరి 48 ఎక్కడిది? గాలిలోంచి రాలేదు. డాట్ కామ్ రిజిస్ట్రీ తన దగ్గరున్న నేమ్ సర్వర్ల రికార్డులకు ఇచ్చే గడువు 172800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు. పైగా 2004 దాకా డాట్ కామ్ జోన్‌ను, అంటే ఆ పేర్ల రికార్డుల పట్టికను, రోజుకు రెండుసార్లే కొత్తగా ప్రచురించేవారు. ఆ ఏడాది నుంచి అది నిమిషాల్లోకి వచ్చింది. కాబట్టి నేమ్ సర్వర్లనే మార్చినప్పుడు రెండు రోజుల మాటకు కొంత ఆధారం ఉంది. వెబ్‌సైట్ చిరునామా ఒక్కటి మారినప్పుడు ఏ ఆధారమూ లేదు. కానీ ప్యానెల్ ఈ రెంటికీ ఒకే హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. చూసేవాడికి తేడా చెప్పే బాధ్యత దానికి లేదు.

కమాండ్ లైన్‌లో ఆ తేడా ఒక్క వాక్యంతో తేలిపోతుంది. డిగ్ అని కొట్టి పేరు రాస్తే, జవాబు వరుసలో పేరు పక్కన ఒక అంకె వస్తుంది. మళ్లీ అడగండి, ఆ అంకె తగ్గి ఉంటుంది. మీ రిజాల్వరు దగ్గర పాత జవాబుకు ఇంకెన్ని సెకన్ల ఆయుష్షు ఉందో అదే. అసలు సర్వరు పేరును ఎట్ గుర్తుతో జతచేసి అడిగితే కొత్త జవాబు పూర్తి గడువుతో కనిపిస్తుంది. ప్లస్ ట్రేస్ అని కలిపితే రూట్ సర్వర్ల నుంచి మీ సర్వరు దాకా ఎవరు ఎవరికి దారి చూపారో వరుసగా చెబుతుంది. "48 గంటలు ఆగండి" అనే మాటకూ, "ఫలానా రిజాల్వరులో ఇంకా 2140 సెకన్లుంది" అనే మాటకూ మధ్య దూరమే ఈ వ్యాసంలో నా వాదనంతా.

ఇంకో సంగతి ఉంది. దీన్ని ప్యానెల్ మీదే బతికేవాళ్లు ఎన్నడూ పట్టుకోలేరు. రికార్డు ఇంకా సృష్టించకముందే ఆత్రంగా బ్రౌజర్‌లో ఆ పేరు కొట్టి చూశారనుకోండి. "ఆ పేరు లేదు" అన్న జవాబు వస్తుంది. ఆ లేదన్న జవాబును కూడా రిజాల్వరు దాచుకుంటుంది. 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2308 దీనికి నియమం పెట్టింది. జోన్ మొదట ఉండే ఎస్‌ఓఏ రికార్డు చివరి అంకెను బట్టి ఎంతసేపు దాచుకోవాలో తేలుతుంది. రికార్డు పెట్టాక కూడా మీకు మాత్రమే సైటు తెరుచుకోక, బేగంబజార్‌లోని మీ స్నేహితుడికి తెరుచుకోవడానికి కారణం ఇదే కావచ్చు. ప్యానెల్‌లో అంతా సరిగ్గా ఉంటుంది. మీరు ఫోను రీస్టార్ట్ చేస్తారు, బ్రౌజర్ మారుస్తారు, సర్వరు కంపెనీకి ఫోను చేస్తారు. రిజాల్వరు మీ చేతిలోదే అయి, బైండ్ అనే నేమ్ సర్వరు సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంటే ఆర్‌ఎన్‌డీసీ ఫ్లష్‌నేమ్ అని ఒక కమాండ్ కొడితే ఆ ఒక్క పేరు జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది, పని అయిపోతుంది.

ఇక పేరు మారడమనే పెద్ద పని గురించి. దీనికి నాంపల్లిలోనే మనందరం చూసిన ఉదాహరణ ఉంది. ఎంజే రోడ్డులో ఉన్న పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2024లో టీఎస్‌పీఎస్‌సీ నుంచి టీజీపీఎస్‌సీ అయింది. రాష్ట్ర సంక్షిప్త నామం మారింది కాబట్టి గవ్ డాట్ ఇన్ కింద దాని డొమైన్ కూడా మారింది. గ్రూప్స్ రాసే లక్షల మంది పిల్లలు హాల్ టికెట్ కోసం, ఫలితం కోసం కొట్టేది ఆ పేరే. రాష్ట్రంలో ఎన్నో సంస్థలకు ఇదే మార్పు వచ్చింది. ఇలాంటి మార్పులో నేమ్ సర్వరు నిర్వాహకుడి పని ఒక పెట్టెలో కొత్త పేరు టైపు చేయడం కాదు. మార్పుకు ముందే పాత రికార్డుల గడువును రోజు నుంచి అయిదు నిమిషాలకు దించాలి. పాత గడువు పూర్తయ్యేదాకా ఆగాలి. కొత్త పేరుకు చిరునామాలు, మెయిల్ రికార్డులు, మెయిల్ నకిలీలను ఆపే టెక్స్ట్ రికార్డులు అన్నీ పెట్టాలి. ప్రతి నేమ్ సర్వరునూ విడివిడిగా అడిగి అన్నీ ఒకే జవాబు ఇస్తున్నాయని రూఢి చేసుకోవాలి. ఎప్పుడో పుస్తకంలో అచ్చయిన పాత పేరు కొట్టే విద్యార్థి కోసం పాత పేరును చాలాకాలం బతికించాలి. రెండొందల రికార్డులున్న జోన్‌లో ఈ పని ప్యానెల్‌లో చేస్తే రెండొందల సార్లు నొక్కాలి, ఎక్కడ తప్పిందో తెలియదు. అదే జోన్ ఫైలులో అయితే పాత పేరును అంతటా మార్చే ఒక్క సెడ్ కమాండ్, ఆ తర్వాత పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ తేడా చూపించే డిఫ్ కమాండ్ చాలు. పాత పేరు కింద ఉన్న పేర్లన్నిటినీ కొత్త పేరు కిందికి ఒక్క వరుసతో మళ్లించే డీనేమ్ అనే రికార్డు కూడా ఉంది. చాలా ప్యానెళ్లలో అది పెట్టే వీలే ఉండదు.

కమాండ్ లైన్ ప్రమాదకరమనే వాదన ఇప్పుడు వస్తుంది. ఒక్క అక్షరం తప్పితే అంతా పడిపోతుందంటారు. దీనికి వాళ్ల దగ్గరున్న బలమైన ఉదాహరణ నేనే ఇస్తాను. 2009 అక్టోబరు 12న స్వీడన్ దేశపు డాట్ ఎస్‌ఈ మొత్తం, దాదాపు తొమ్మిది లక్షల డొమైన్లు, ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. జోన్ ఫైలులో పేర్ల చివర ఉండాల్సిన చుక్క పడలేదు. చుక్క లేని పేరుకు సర్వరు జోన్ పేరును తనంతట తానే తగిలిస్తుంది, పేరు రెండింతలై ఎక్కడికీ చేరదు. ఇది నిజంగా జరిగింది, దీన్ని తేలిక చేయను. కానీ ఆ చుక్కను వదిలేసింది తెర ముందు కూర్చున్న మనిషి వేలు కాదు, జోన్ ఫైలును తయారుచేసే ఆటోమేటిక్ స్క్రిప్టు. ప్యానెల్ వెనక ఉండేదీ అలాంటి స్క్రిప్టే. పైగా ఇదే చుక్క తప్పు ప్యానెళ్లలో రోజూ జరుగుతుంది: కొన్ని చుక్క పెట్టమంటాయి, కొన్ని వద్దంటాయి, మెయిల్ సర్వరు పేరు వెనక మీ డొమైన్‌ను మళ్లీ తగిలించి కూర్చుంటాయి. తెర మీద మాత్రం అది కనిపించదు. నేమ్‌డ్-చెక్‌జోన్ అనే కమాండ్‌కు పెద్ద డి అక్షరం జతచేసి జోన్ ఫైలు ఇస్తే, ప్రతి పేరునూ పూర్తిగా విప్పి చూపిస్తుంది. రెండింతలైన పేరు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది చూశాకే ఆర్‌ఎన్‌డీసీ రీలోడ్ కొట్టాలి. ఈ క్రమం పాటించేవాడికి కమాండ్ లైన్ కన్నా భద్రమైన చోటు లేదు. తప్పును లోపలికి పంపకముందే చూపించే వీలు ఇక్కడుంది.

మన దగ్గర అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు మాత్రం చుక్క కాదు, సీరియల్ నంబరు. ఫైలు మార్చి, ఎస్‌ఓఏలోని సీరియల్ పెంచడం మరిచిపోతారు. మీ జోన్ నకలు ఉంచుకునే రెండో సర్వరు ఆ నంబరు చూసి "కొత్తదేం లేదు" అనుకుని పాత జోన్‌తోనే ఉండిపోతుంది. కస్టమర్లలో సగం మందికి కొత్త సైటు, సగం మందికి పాత సైటు. ఈ స్థితిని కూడా 48 గంటల ఖాతాలో వేసి ఆగమంటారు. ఎన్ని గంటలు ఆగినా అది సరికాదు. రెండు సర్వర్లనూ విడివిడిగా ఎస్‌ఓఏ అడిగి, రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే అర నిమిషంలో బయటపడుతుంది. తేదీని నంబరుగా రాసి చివర రెండంకెలు చేర్చే అలవాటు, 2025061402 లాగా, ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

కమాండ్ లైన్ ప్రమాదకరమన్నవాళ్లు భద్రత మాట ఎత్తారు కాబట్టి ప్యానెల్ భద్రత గురించి కూడా మాట్లాడాలి. 2019 జనవరి 22న అమెరికా ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సీసా ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ పౌర శాఖలకు అత్యవసర ఆదేశం ఇచ్చింది. దొంగలకు ఆ శాఖల సర్వర్లను బద్దలు కొట్టే అవసరమే రాలేదు. డీఎన్‌ఎస్ రికార్డులు మార్చే ఖాతాల పాస్‌వర్డులు సంపాదించి, ప్యానెల్‌లోకి నేరుగా వెళ్లి, మెయిళ్లు తమ దగ్గరికి మళ్లించుకున్నారు. రికార్డులన్నీ తనిఖీ చేయండి, పాస్‌వర్డులు మార్చండి, రెండో ధ్రువీకరణ పెట్టండని పది పనిదినాల గడువు ఇచ్చింది. ఒక ప్యానెల్ ఖాతా చేతికి వస్తే అందులోని పేర్లన్నీ చేతికి వచ్చినట్టే. సొంత బైండ్ సర్వరులో అలా ఉండనక్కర్లేదు. అప్‌డేట్-పాలసీ అనే వరుసతో ఒక తాళంచెవికి ఒకే ఒక్క పేరు మార్చే అధికారం ఇవ్వవచ్చు. సర్టిఫికెట్ పునరుద్ధరించే స్క్రిప్టు దగ్గరున్న తాళంచెవి దొంగ చేతిలో పడినా వాడు మీ మెయిల్ రికార్డును తాకలేడు. కమాండ్ లైన్ తాళంచెవులూ దొంగల పాలు కావచ్చు. కానీ నష్టానికి హద్దు గీసుకునే అవకాశం మీకుంటుంది.

చట్టం కూడా ఈ వైపే నడుస్తోంది. 2022 ఏప్రిల్ 28న మన కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు నిలవ ఉంచాలి. తెలియజేయాల్సిన సంఘటనల జాబితాలో డీఎన్‌ఎస్ సర్వర్ల మీద దాడి పేరుపెట్టి మరీ ఉంది. ప్యానెల్‌లో ఈ క్షణం ఏముందో కనిపిస్తుంది. మార్చి 3న ఎవరు ఏం మార్చారని అడిగితే చాలా ప్యానెళ్లు నోరు తెరవవు. జోన్ ఫైలును మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంచుకున్న నిర్వాహకుడు ఆ ప్రశ్నకు ఒక్క కమాండ్‌తో జవాబు చెప్పగలడు. మన ప్రాంతపు సైబర్ మోసాల కేసులు చాలావరకు వచ్చేది నాంపల్లి క్రిమినల్ కోర్టులకే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె, రాయాలి. సాదా టెక్స్ట్ ఫైలుకు ఆ విలువ తీయడం ఒక్క కమాండ్ పని. ప్యానెల్ స్క్రీన్‌షాట్ పట్టుకుని వెళ్లిన వకీలుకు ఆ మార్పు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పే వీలుండదు.

ఇంగ్లిష్ రానివాళ్లకు కమాండ్లు కష్టమన్న మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. రోజువారీ పనికి కావలసిన కమాండ్లు పది పన్నెండు. వాటిని నేర్పే పాఠం తెలుగులోనే సాగవచ్చు. పైగా ఇక్కడ నేర్చింది పాతబడదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత కంప్యూటర్ పుస్తకాల్లో జోన్ ఫైలు గురించిన పాఠం ఏది దొరికినా కొనుక్కోండి. అందులోని వ్యాకరణం 1987 నాటిదే, నేటి సర్వరు దాన్ని అలాగే చదువుతుంది. ప్యానెల్‌లో బటన్లు ఎక్కడున్నాయో కంఠస్థం చేసినవాడి చదువు కంపెనీ డిజైన్ మార్చిన రోజున చెల్లదు. ఖర్చు కూడా లేదు. బైండ్ ఉచితం. జగదీశ్ మార్కెట్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ ఆండ్రాయిడ్ ఫోనులో కమాండ్ లైన్ ఇచ్చే టెర్మక్స్ యాప్ వేసుకున్నా డిగ్ నడుస్తుంది. విండోస్ సర్వరే దిక్కైన ఆఫీసుల్లోనూ డీఎన్‌ఎస్‌సీఎండీ, పవర్‌షెల్ ఉన్నాయి.

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి డాట్ భారత్ గురించి చెప్పాలి. మన లిపిలోనే డొమైన్ చివరి భాగం ఉంది. యంత్రాల మధ్య అది ఎక్స్‌ఎన్ తర్వాత రెండు గీతలు, ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అనే రూపంలో ప్రయాణిస్తుంది. తెలుగు అక్షరాలు టైపు చేస్తే తిరస్కరించే ప్యానెళ్లు ఉన్నాయి. ఐడీఎన్, అంటే ఇతర లిపుల డొమైన్ పేర్ల, మద్దతుతో కట్టిన డిగ్ తెలుగు పేరును నేరుగా తీసుకుంటుంది. తెలుగు, కన్నడ లిపుల్లో కొన్ని అక్షరాలు చూపుకు ఒకేలా ఉంటాయి. తెర మీది రూపం నమ్మినవాడు మోసపోవచ్చు. యంత్ర రూపం చూపించమని అడిగినవాడికి ఏది ఏదో తెలిసిపోతుంది. 2016 నవంబరులో ప్రపంచ డొమైన్ పేర్ల వ్యవహారాలు చూసే ఐకాన్ తన 57వ సమావేశాన్ని మన హైదరాబాద్‌లోనే జరిపింది. అంత పెద్ద సభ నడిచిన ఊళ్లో ఒక దుకాణదారు తన పేరు ఎటు చూపిస్తుందో అడగలేని స్థితిలో ఉండకూడదు.

చివరగా, క్లౌడ్ ఉంది కదా, ఏఐ ఉంది కదా అనేవాళ్లు. 2025 అక్టోబరు 20న, మన వేళకు దీపావళి మధ్యాహ్నం, అమెజాన్ క్లౌడ్ వర్జీనియా కేంద్రంలో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ పేరుకున్న డీఎన్‌ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. రికార్డులు రాసే రెండు ఆటోమేటిక్ ప్రక్రియలు ఒకదాన్నొకటి దాటుకుని, చివరికి చిరునామాలన్నిటినీ చెరిపేశాయి. దాన్ని ఆ యంత్రాంగం తనంతట తాను బాగుచేసుకోలేకపోయింది. ఇంజినీర్లు చేత్తో సరిచేయాల్సి వచ్చింది. ప్రపంచంలోనే అతిపెద్ద క్లౌడ్ కంపెనీకి కూడా ఆ సమయంలో రికార్డు చదవగలిగిన, రాయగలిగిన మనుషులు కావలసి వచ్చారు. ఏఐ ఇచ్చిన జోన్ ఫైలు సరిగ్గా ఉందో లేదో చెప్పేది కూడా చెక్‌జోన్ తెలిసిన మనిషే.

ఇవన్నీ ఒప్పుకుని కూడా, అబిడ్స్‌లో బేస్‌మెంట్ ఆఫీసు, కరెంటు పోతుంది, సొంత సర్వరు ఎలా అని అడిగేవాళ్లకు సూటి జవాబుంది. అసలు ప్రతి మీ దగ్గర ఉండాలి, ప్రపంచానికి జవాబు చెప్పే పని బయటి సెకండరీ సర్వర్లకు అప్పగించాలి. వాటి సేవను డబ్బు ఇచ్చి కొనుక్కోవచ్చు. జోన్ బదిలీ ద్వారా అవి మీ ఫైలును తీసుకుంటాయి. మీ ఆఫీసులో కరెంటు పోయినా, ఎస్‌ఓఏలో ఎక్స్‌పైర్ గడువు 1209600 అని రాసుకుంటే పద్నాలుగు రోజులు అవి మీ పేరు చెబుతూనే ఉంటాయి. ఈ ఏర్పాటు నడిపే వ్యక్తిని దుకాణదారు మూడు సంగతులు అడగాలి: డొమైన్ రిజిస్ట్రేషన్ ఎవరి పేరున, ఎవరి మెయిల్ మీద ఉంది? జోన్ ఫైలు టెక్స్ట్ ప్రతి ఏదీ? రెండు సర్వర్ల సీరియల్ నంబర్లు ఇప్పుడు, నా కళ్లముందు, చూపిస్తావా?